మాధురి కార్డూ నా సున్నా

శబరి నది ఒడ్డున ఉన్న మా ఊరు కోంటలో నేను చెప్పే లెక్కలోంచి ఒక సున్నా తీసేసి వినడం అందరికీ అలవాటు. శబరిలో నలభై కిలోల వాలుగ చేపను పట్టానంటే నాలుగు కిలోలని అర్థం చేసుకుంటారు. బాసగూడ సంతకు పోతూ దారిలో పది ఎలుగుబంట్లను తరిమానంటే ఒకటి కనిపించి ఉంటుందిలే అనుకుంటారు. ఎవరు ఎవర్ని తరిమారని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. వాళ్లకూ నాకూ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా పై ఊరి మనిషితో వచ్చింది.

నా మనవరాలు మాధురి జగదల్‌పూర్‌ హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కంప్యూటర్లో మ్యాపులు గీసే పని నేర్చుకుంది. దానికి ఏదో విదేశీ పరీక్ష ఉందట, పాసైతే చదువు అయిపోగానే పని దొరుకుతుందట. ఫీజు తొమ్మిది వేలు. ఆ పరీక్ష వాళ్లు ఫోన్లో పైసలు కొడితే తీసుకోరు, క్రెడిట్ కార్డే కావాలంటారు. అదీ పరీక్ష రాసేవాళ్ల పేరు మీదే ఉండాలి. గడువు ఇరవై ఐదో తారీఖు.

సంపాదన లేని పిల్లకు అప్పు కార్డు ఎవడిస్తాడే అని నవ్వాను. కానీ అది అన్నీ కనుక్కొనే వచ్చింది. బ్యాంకులో పదిహేను వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, దాన్ని హామీగా పెట్టుకొని పన్నెండు వేల దాకా వాడుకునే కార్డు ఇస్తారు. చదువుకునే పిల్లలను జీతం కాగితం అడగరు.

"పదిహేను వేలు ఎక్కడియే నీకు?" అన్నాను.

"స్కాలర్‌షిప్పుల మిగిలిచ్చిన తాతా."

నమ్మాను. మా ఇంట్లో అబద్ధాలు చెప్పేది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఆదాయం దగ్గర 'లేదు' అని రాసి అది ఫారం ఇచ్చేసింది.

వారం తర్వాత బ్యాంకు తరఫున ఒకతను చిరునామా చూసుకోవడానికి మా కొట్టుకు వచ్చాడు. తాళ్లు, బకెట్లు, గొడ్డళ్లు అమ్మే కొట్టు మాది. రాయ్‌పూర్ వైపు మనిషి, బండి మీద వచ్చి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. కూచోబెట్టి టీ తెప్పించాను. ఎదురుగా ఒక మనిషి టీ తాగుతూ కూచుంటే నా నోరు ఊరుకోదు.

"లడ్కీ కీ కమాయీ కుఛ్ హై, దాదాజీ?" అన్నాడు. సంపాదన ఏమన్నా ఉందా అని.

లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ కొత్త మనిషి ముందు నా మనవరాలికి ఏమీ లేదని ఎట్లా అంటాను? నలభై మంది పిల్లలకు ట్యూషన్ చెబుతుందన్నాను. మాకు పది లారీలు ఉన్నాయన్నాను. ఎదురుగా ఉన్న రెండంతస్తుల మేడ చూపించి, అది దాని పేరు మీదే ఉందన్నాను. అతను అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. పాపం, సున్నా తీసేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

నాలుగో రోజు మాధురి ఫోన్ చేసింది.

"తాతా, బ్యాంకాయనకు ఏం చెప్పినవ్?"

"అన్నీ మంచి మాటలే చెప్పిన."

"నేను ఆదాయం లేదని రాసిన. ఆయనేమో పది లారీలున్నయని రాసిండు. కార్డు ఆపిండ్రు. లారీల కాగితాలు తెమ్మంటుండ్రు!"

"ఏంది, పది చాలవంటనా?"

అది నవ్వలేదు. "ఇయ్యాల పదహారు. ఇయ్యాల ఒప్పుకున్నా కార్డు చేతికి రానీకి వారం పడ్తది," అని ఫోన్ పెట్టేసింది. నా మాట పూర్తికాకుండా అది ఫోన్ పెట్టేయడం అదే మొదలు.

మర్నాడు తెల్లవారగానే బస్సెక్కాను. మా ఆవిడ జ్ఞానప్రసూన పులిహోర కట్టిచ్చి, "అక్కడన్న జర తగ్గించి చెప్పు. ఆ మేడాయన ఇన్నడంటే మన మీదికొస్తడు," అంది.

సుక్మా దాటి, దర్భా ఘాటీ కొండదారి దాటి, జగదల్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. బ్యాంకులో మాధురి నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆఫీసరు పేరు ప్రేమ్‌కుమార్. కిరందుల్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి గనిలో పనిచేశాడట. తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"కూర్చోండి తాతగారూ. ఇందులో ఏది నిజమో మీరే చెప్పాలండి. తప్పున్న చోట కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. అప్పుడే నేను పైకి పంపగలను," అని నా మాటలున్న కాగితం ముందు పెట్టాడు.

ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. లారీలు కొట్టేశాను. ఒకటి ఉండేది, అమ్మేసి పన్నెండేళ్లయింది. ఐదో క్లాసులో నేర్చిన తెలుగు సంతకం పక్కన పెట్టాను.

"మరి మేడండీ?"

"మా కొట్టుకు ఎదురుగ ఉన్నదన్న ముచ్చటైతే నిజమే బాబూ," అని అదీ కొట్టేశాను.

ట్యూషన్ దగ్గర పెన్ను పెట్టబోతే మాధురి నా చెయ్యి పట్టుకుంది.

"అది కొట్టెయ్యకు తాతా."

"ఎందుకే? అదీ నేను కల్పించిందే గద."

"నలభై మంది లేరు. నలుగురే." అది నా మొహం చూడకుండా చెప్పింది. "హాస్టల్ ఎనక గల్లీల చెప్తున్న. నెలకు పద్దెనిమిది వందలొస్తయి. ఆ పదిహేను వేలు అవ్వే."

"మరి స్కాలర్‌షిప్పంటివి?"

"నువ్వే గద బజార్ల అందరికీ చెప్తవు, నేనుండంగ నా మనవరాలు సదువుడు తప్ప ఇంకో పని చెయ్యదని. నువ్వు పంపే పైసలు సాల్తలేవని నీకెట్ల చెప్పాలె?"

నేను చెప్పే వాటిలో సున్నా తీయకుండా వినాల్సిన మాట అదొక్కటే. సరిగ్గా అదే అబద్ధమైంది.

"బాబూ, ఇప్పుడు దీనికి ఆదాయం ఉన్నట్టా, లేనట్టా? కార్డు పోయినట్టేనా?" అని ప్రేమ్‌కుమార్‌నే అడిగాను.

"పోదండి. ఫిక్స్‌డ్ మీద ఇచ్చే కార్డుకి ఆదాయం ఎంతన్నది మేం పట్టించుకోం. రెండు కాగితాలూ ఒకే మాట చెప్పాలి, అంతే. ఉన్నది ఉన్నట్టు రాసేయండి."

మాధురి ఫారంలో 'లేదు' తీసేసి ట్యూషన్ సంగతి రాసింది. నేను నలభైలో సున్నా కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. నా సున్నా నేనే తీసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

బయటికొచ్చి మెట్ల మీద కూచొని ఇద్దరం పులిహోర తిన్నాం.

"నెలకు ఎంత తక్కువైతాందే?"

"వెయ్యి."

"సున్నా తీసి ఇనాల్నా?"

"నా లెక్క నీ లెక్క లాంటిది కాదు తాతా," అని అప్పుడు నవ్వింది.

కార్డు ఇరవై మూడున వచ్చింది. ఆ పూటే తొమ్మిది వేలు కట్టి నాకు ఫోన్ చేసింది. బిల్లు మొత్తం నేను కడతానంటే ఒప్పుకోలేదు. సగం నువ్వు, సగం నేను అంది. సరేనన్నాను.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర టీ కొట్టులో కూచున్నాను. టీ కాచే ముకేష్, "మాధురి ఎట్లున్నది తాతా?" అని అడిగాడు.

"మంచిగున్నది. నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్తాంది," అన్నాను.

ముకేష్ గంటె పట్టుకొని, అలవాటు కొద్దీ ఆ నాలుగులోంచీ సున్నా తీసేశాడు. "అయ్యో. అంటే సగం పిల్లగాడు గూడ దొరకలేదా తాతా?" అన్నాడు జాలిగా.

ఒట్టు వేసినా నమ్మేట్టు లేడు. ఇక లాభం లేదని, "నీకు సరిగ్గ ఇనబడలేదురా. నలభై మంది," అన్నాను.

"నలుగురా? మంచిదే," అని నా గ్లాసులో టీ పోశాడు.