తాళం లోపలి మనుషులు

వీధి మలుపులో బైకు చప్పుడు వినపడగానే రాజ్యం కుట్టుమిషను ముందు నుంచి లేచింది. ఎదురింటి లక్ష్మీనర్సమ్మ అప్పటికే భర్త హన్మయ్యను లోపలి గదిలోకి నడిపించి, ఫ్యాను ఆపి, తలుపు దగ్గరికి వేసింది. రాజ్యం బయటినుంచి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

నాచారం పారిశ్రామికవాడ వెనక ఆ వీధిలో ఇది రోజూ జరిగేదే. రంగుల కంపెనీ యజమాని బకాయి జీతాలు ఎగ్గొట్టి గేటు మూసేశాడు. లోను తీసుకుని అరవై గజాల్లో కట్టుకున్న ఇళ్లకు కిస్తీలు ఆగిపోయాయి. ఫైనాన్సు వాళ్ల వసూలు మనుషులు వచ్చి, గడపలో నిలబడి, ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ చూడకుండా బూతులు తిట్టేవాళ్లు. ఆ తిట్లు పడలేక వీధి ఒక ఉపాయం నేర్చింది. మనుషులు లోపల, తాళం బయట. తాళాలు వేసే పని రాజ్యానిది. ఆమె ఉండేది అద్దెకు. వసూలుకు ఆమె గుమ్మం ఎవరూ తొక్కరు.

బైకు దిగినతను హెల్మెట్ తీశాడు. భుజానికి సంచి, చేతిలో ఫైలు.

"ఈ ఇంట్ల ఎవరుంటరమ్మా?"

"ఎవ్వరు ఉంటలేరు సార్. ఊరికి పోయిన్రు."

"మల్ల ఎప్పుడొస్తరు?"

"ఏమో సార్. పోయి మస్తు దినాలైంది."

లోపల హన్మయ్యకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఇన్నేళ్ల చాకిరీకి కంపెనీ ఆయనకు మిగిల్చింది ఆ దగ్గే. లక్ష్మీనర్సమ్మ కొంగు ఉండచుట్టి ఆయన నోటికి అదిమింది. ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి గానీ చప్పుడు బయటికి రాలేదు.

అతను తాళాన్ని ఫోటో తీసుకుని పక్కింటికి కదిలాడు. అక్కడా తాళమే. వీధంతా తాళాలే. ప్రతి ఇంటికీ రాజ్యం అదే జవాబు చెప్పింది. ఇతనెవరో గానీ తిట్టలేదు, మంచోడే అనుకుంది.

ఆ తర్వాత ఫైనాన్సు వాళ్లు హన్మయ్య ఇంటి గోడకు జప్తు నోటీసు అంటించారు. అందరూ ఉప్పల్‌లోని సర్కారు ఆఫీసుకు పరుగెత్తారు. మూతపడ్డ కంపెనీల కార్మికుల ఇళ్లు జప్తు కాకుండా కొన్నాళ్లు కిస్తీలు తానే కడతానని సర్కారు అంతకుముందే ప్రకటించింది. యూనియన్‌లో పనిచేసిన దయాకర్ ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా దరఖాస్తు పెట్టించాడు. ఆ సాయం ఏమైందని అడగడానికి వెళ్లారు.

ఆఫీసరు జనార్ధనరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ ఇళ్లలో ఎవరూ ఉండటం లేదని ఎంక్వైరీలో తేలిందమ్మా. ఖాళీ ఇళ్లకు సాయం రాదు."

సూర్యకళ ఎగిరి పడింది. ఆమెది లక్ష్మీనర్సమ్మ పక్కిల్లు. "ఖాళీ ఇండ్లేంది సార్? మరి మేం యాడ పండుకుంటున్నం, మీ ఆఫీసులనా?"

ఆయన కంప్యూటర్ తెర వాళ్లవైపు తిప్పాడు. వరసగా తాళాల ఫోటోలు. రాజ్యం ఆ ఫోటోలను గుర్తుపట్టింది. ఆ రోజు బైకు మీద వచ్చినవాడు వసూలు మనిషి కాదు, సాయం కోసం ఎంక్వైరీకి వచ్చిన సర్కారు మనిషి. ఒక్క దగ్గు బయటికి వినపడి ఉంటే సరిపోయేది.

"ఇంకోసారి పంపుండ్రి సార్. తలుపులు బార్లా తెరిసి పెడ్తం" అంది లక్ష్మీనర్సమ్మ.

"గడువు అయిపోయింది. నా చేతుల్లో ఏమీ లేదమ్మా." ఆయన తన మంచినీళ్ల సీసా ఆమె వైపు జరిపాడు. ఆయన చేయగలిగింది అంతే.

సాయంత్రం హన్మయ్య ఇంటి ముందు అందరూ చేరారు.

"వచ్చినోడెవడో అడగొద్దా రాజ్యం? బైకు సప్పుడైతే సాలు, టక్కున ఏసుడేనా?" సూర్యకళ నిలదీసింది.

"జల్ది ఎయ్యి అని కిటికీలకెల్లి సైగ జేసిందెవరక్కా? నువ్వు గాదా?"

"ఆపుండ్రి" అన్నాడు దయాకర్. "రాజ్యం ఒక్కతే ఏసిందా తాళం? మనందరి సిగ్గు, శరం ఏసింది. మనమేమన్న దొంగలమా? జీతాలు ఎగ్గొట్టినోడు దాక్కుంటుండా? కొత్త కారుల దర్జాగ తిరుగుతుండు."

"మాటలు సక్కగనే ఉన్నయ్ దయాకరన్నా. పోలీసులొస్తే ఏం జేద్దాం? భజన జేద్దామా?" అంది సూర్యకళ.

కొందరు నవ్వారు. హన్మయ్య గోడ పట్టుకుని లేచాడు. "తలుపు తెరుసుండ్రి. నేను గడపల కూసుంట. దగ్గుత. ఇననీ అందరు."

జప్తు రోజున వీధిలో ఒక్క తలుపూ మూయలేదు. హన్మయ్య ఇంట్లో మంచం మీద, వంటింట్లో, మెట్ల మీద జనం. ఎవరో పొయ్యి మీద చాయ్ పెట్టారు.

"ఖాళీ ఇల్లని రిపోర్టుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మరి మేమెవరం సార్? దయ్యాలమా?" అంది సూర్యకళ.

లాఠీలు లోపలికొచ్చాయి. దయాకర్‌ను చొక్కా పట్టి ఈడ్చారు. గడపలో కూర్చున్న హన్మయ్యను కుర్చీతో సహా ఎత్తి రోడ్డు మీద దించారు. ఆయన దగ్గుతూనే ఉన్నాడు, నెత్తురు పడేదాకా. చాయ్‌గిన్నె, బియ్యం డబ్బా, చాప, దేవుడి పటం ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. తలుపు మూసి సీలు వేశారు. ఇంతమంది ఉండి ఒక్క ఇంటిని ఆపలేకపోయారు. హన్మయ్యను ఆటోలో దవాఖానాకు పంపారు. మిగతావాళ్లను వ్యాన్‌లోకి తోశారు.

స్టేషన్‌లో కానిస్టేబుల్ పేర్లు రాసుకుంటున్నాడు. లక్ష్మీనర్సమ్మ వంతు వచ్చింది.

"ఇల్లు యాడ?"

ఆమె మోకాళ్లలో తల పెట్టుకుంది.

"ఏందమ్మా, ఇల్లు లేదా?"

రాజ్యం లేచి నిలబడింది. జీవితంలో ఏనాడూ ఆమె పేరు మీద ఇల్లు లేదు. "ఉన్నది. ఇయ్యాల మీరు సీలేసిందే ఆమె ఇల్లు. అదే రాయుండ్రి. నాది గూడ అదే."

"నాది గూడ అదే ఇల్లు" అంది సూర్యకళ.

"నాది సుత" అన్నాడు దయాకర్, చిరిగిన చొక్కాతో.

గోడవారగా కూర్చున్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు. కానిస్టేబుల్ పెన్ను ఆపాడు. "పరాష్కమా, నవ్వులాటనా? అరవై గజాలల్ల గింతమందా?"

"గింతమందిమే. సోమవారం సూర్యకళక్క ఇంటి జప్తుకు నోటీసుంది" అంది రాజ్యం. "ఆడ గూడ మేమే ఉంటం. పెద్ద వ్యాను తెచ్చుకోండ్రి."