నాన్న చెవి మిషను

చెవి మిషన్లు బాగుచేయడం నా వృత్తి. ఎదురుగా మనిషి నిలబడి "అయిందా?" అని పొడుస్తుంటే పది నిమిషాల్లో తేల్చేస్తాను. ఇంట్లోవాళ్ల పని మాత్రం నా చేతికి లొంగదు. చెయ్యాలనే ఉంటుంది, మొదలవదు. దీనికి డాక్టరు ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టాడు. మా ఆవిడ అంతకు ముందే బద్ధకమని పెట్టేసింది.

బుధవారం నాన్న మిషను మూగబోయింది. సోమవారం చెల్లికి ఆపరేషను. గొంతులో రాచపుండు ముదిరింది, స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత దానికి మాట ఉండదు. ఆదివారం వచ్చి నాన్నతో తనివితీరా మాట్లాడి వెళ్తానంది.

"నాలుగు రోజులున్నాయి కదరా, నిదానంగా చెయ్యి," అన్నాడు నాన్న. నా కొంప ముంచిన మాట అదే.

గురువారం బల్ల తుడిచాను. శుక్రవారం స్క్రూలన్నీ సైజులవారీగా సర్దాను. శనివారం ఊళ్లోవాళ్ల మిషన్లు ఐదు బాగుచేశాను. నాన్నది ఎదురుగానే ఉంది. నామీద నాకే అసహ్యం వేసింది, అయినా చెయ్యి కదల్లేదు.

ఆదివారం చెల్లి వచ్చింది. "అయిందా అన్నయ్యా?"

"ఇదిగో, ఐదు నిమిషాలు," అంటూ వెనకగదిలో దూరి తలుపేసుకున్నాను. స్క్రూడ్రైవరు పట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నాను. అవతల దాని బొంగురుగొంతు వినిపిస్తూనే ఉంది, మాటలు తెలియలేదు. నేను బయటికొచ్చేసరికి అది వెళ్లడానికి లేచింది. నాన్న ఏమీ వినపడకపోయినా తలూపుతూ నవ్వుతున్నాడు.

సోమవారం చెల్లిని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లాక, ఆసుపత్రి బెంచీ మీద మిషను విప్పాను. గొట్టంలో గులిమి అడ్డుపడింది, అంతే. సూదితో తీశాను. రెండు నిమిషాలు పట్టలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నానని అక్కడే ఏడ్చాను.

పదిరోజుల తర్వాత నాన్న చెల్లి మంచం పక్కన కూర్చున్నాడు. చెవిలో మిషను భేషుగ్గా పనిచేస్తోంది.

"ఆవేళ గంటసేపు ఏదో చెప్పావు కదమ్మా. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఏం చెప్పావు?"

చెల్లి నావైపు చూసింది. కాగితం తీసుకుని రెండే వరుసలు రాసింది. నాన్న కళ్లజోడు తెచ్చుకోలేదు. కాగితం నాకిచ్చి, "చదవరా," అన్నాడు.

"అన్నయ్యని తిట్టకు నాన్నా. వాడికి చెయ్యాలనే ఉంటుంది."

పెదాలు కదిపి లోలోపలే చదువుకున్నాను.

నాన్న చెవిలో మిషను సర్దుకుని, "ఏదీ, కాస్త గట్టిగా చదువు," అన్నాడు.