బావి గోడ ఎత్తు

ఆఫీసులో ఆమెను అందరూ రిపోర్టక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. ఎవరైనా బిల్డరు ఎక్కడైనా ఇళ్లు కడతానంటే, దానివల్ల అక్కడి నీటికీ గాలికీ చెట్టుకీ పిట్టకీ ఏమవుతుందో కొలిచి మూడొందల పేజీల నివేదిక రాయాలి. అది చూసి కమిటీ అనుమతి ఇస్తుంది. చూసి అన్నది మాటవరసకి. కమిటీ ఎప్పుడైనా నివేదిక తిప్పి పంపిందంటే పేజీ నంబరు తప్పిందనో, ముద్ర వంకరగా పడిందనో తప్ప లోపల రాసింది చదివి కాదు. మొదట్లో ఆమెకు దీనిమీద ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత నవ్వొచ్చేది. ఇప్పుడు నడుంనొప్పి తప్ప ఇంకేమీ రావడం లేదు.

ఈసారి వచ్చిన పని ఆమె ఎరిగిన చోటే. ఆరేళ్ల కిందట అక్కడ ఒక బిల్డరు అపార్టుమెంట్లు కట్టాడు. కింద బండ్లు పెట్టుకోవడానికి సెల్లారు కూడా తవ్వించాడు. దానికి బావులు కొలిచిందీ, నివేదిక రాసిందీ ఆమే. ఇప్పుడు పక్క స్థలంలో అచ్చం అలాంటిదే ఇంకోటి కడతానని మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత బావుల కొలతలకని పెట్టుకున్న మనిషి కిందటి నెలే మానేశాడు. కొత్తవాణ్ణి వెతికే ఓపిక ఎవరికీ లేకపోవడంతో, నలభై తొమ్మిదేళ్ల వయసులో టేపు సంచీలో వేసుకుని రిపోర్టక్కే బయల్దేరింది.

ఆ పాత అపార్టుమెంటులో నేల అంతస్తు మూడో నంబరు ఇల్లు ఆమె చెల్లెలిది. “మా అక్క స్వయంగా కొలిచిన స్థలం” అని నలుగురికీ గొప్పగా చెప్పుకుని మరీ కొనుక్కుంది. చేరిన మొదటి వానాకాలమే సెల్లారులో నీళ్లు నిలిచాయి. సరిగ్గా చెల్లెలి బాత్రూం కిందే ముందు కనపడ్డాయి. అంతే, నేరం రుజువైపోయింది. మూడో నంబరువాళ్ల బాత్రూం కారుతోందని అపార్టుమెంటు సంఘం తేల్చేసింది. చెల్లెలు మూడుసార్లు బాత్రూం నేల పగలగొట్టించి మళ్లీ వేయించింది. నీళ్లు మాత్రం ఏటా ఠంచనుగా వచ్చాయి, గోడలు చెమ్మెక్కి పెచ్చులూడాయి. ఎదురింటావిడ మాట్లాడటం మానేసింది. చెల్లెలు ఫోను చేసి ఏడ్చినప్పుడల్లా రిపోర్టక్క మేస్త్రీని తిట్టిపోసి, ఈసారి మంచి పనివాణ్ణి చూసుకోమని చెప్పేది.

బావిలో నీటిమట్టం కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. బావి చుట్టూ నడుం ఎత్తు గోడ ఉంటుంది కదా, దాని పైనుంచి బరువు కట్టిన టేపు వదలాలి. నీళ్లు తగిలిన కొలత ఒక గడిలో రాసుకోవాలి, గోడ ఎత్తు పక్క గడిలో రాసుకోవాలి. ఆఫీసుకొచ్చి మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే, నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో వస్తుంది. రెండో తరగతి పిల్లలు చేసే తీసివేత.

స్థలం చుట్టూ అయిదు బావులున్నాయి. రిపోర్టక్క నడుం పట్టుకుంటూ అయిదూ తిరిగింది. మొదటి బావి గోడ మీద నోటుపుస్తకం ఆనించి తీసివేసి చూస్తే రెండు మీటర్ల ఇరవై వచ్చింది. తన పాత నివేదికలో అదే బావికి, అదే నెలలో, మూడు మీటర్ల పది ఉంది. మంచి వానలు పడ్డాయేమో, నీళ్లు పైకొచ్చాయి అనుకుంది. రెండో బావిలోనూ పైకొచ్చాయి. మూడు, నాలుగు, అయిదులో కూడా. ఏ బావిలో చూసినా, దాని గోడ ఎంత ఎత్తుందో దాదాపు అంతే పైకొచ్చాయి. వానలు గోడ ఎత్తు చూసుకుని పడవు. అయిదో బావి దగ్గర చప్టా మీద కూర్చుని, ఆమె అయిదు తీసివేతలూ మళ్లీ మొదటినుంచి చేసింది.

ఆఫీసుకొచ్చి పాత నోటుపుస్తకం వెతికి తీసింది. రెండు గళ్లూ తన చేతిరాతలో ముత్యాల్లా ఉన్నాయి. టైపు చేసేటప్పుడు మొదటి గడి ఎక్కించి, రెండోది తీసివేయడం మరిచిపోయింది. సెల్లారు లోతు రెండున్నర మీటర్లు. నీళ్లు దాని అడుక్కి చాలా కిందే ఉంటాయని ఆమె నివేదిక చెప్పింది. నిజానికి వానాకాలంలో అవి సెల్లారు నేలకంటే పైనే ఉంటాయి. అంటే ఆ సెల్లారు కట్టిందే నీళ్లలో. చెల్లెలి బాత్రూం ఏనాడూ కారలేదు.

ఆ రోజు ఏమైందో గుర్తుతెచ్చుకోవాలని ఎంతో చూసింది. జ్వరం వచ్చిందా, ఇంట్లో గొడవైందా? ఒక్క సాకూ దొరకలేదు. మూడు నివేదికలు ఒకే వారంలో పంపాల్సి వచ్చిన మామూలు రోజు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పుస్తకం తీసుకెళ్లి ఆఫీసు పెద్దసారు ముందు పెట్టింది. ఆయన చెడ్డమనిషి కాదు. రిటైరవడానికి రెండేళ్లున్నాయి. పుస్తకం చూసి, కళ్లజోడు తీసి, కాసేపు కళ్లు నలుపుకున్నాడు. ఒక్క మాట కూడా కసరలేదు.

“నీళ్లు పెరిగాయని రాసెయ్యమ్మా,” అన్నాడు. “ఆరేళ్లలో పెరగవా ఏంటి? కొత్తదాంట్లో సెల్లారు వద్దని మనమే చెబుదాం. ఎవరికీ నష్టం లేదు. పాతదాని ఊసు మనకెందుకు?”

పాతదాని ఊసెత్తితే ఏమవుతుందో ఆయన విడమరిచి చెప్పనక్కర్లేదు. నివేదికల మీద సంతకం పెట్టే అర్హత పోతుంది. ఈ వయసులో, ఈ పని తప్ప ఇంకేదీ చేతకాని మనిషికి అది పోతే మిగిలేది ఆ నడుంనొప్పే. ఆలోచిస్తానని చెప్పి లేచింది.

రెండు రోజులు ఆలోచించింది. ఎటు తిప్పి చూసినా పెద్దసారు చెప్పింది ముచ్చటైన అబద్ధం. కొత్త ఇళ్లవాళ్లు బాగుపడతారు, తను బతికిపోతుంది. మూడోనాడు చెల్లెలు ఫోను చేసింది. ఈసారి ఏడవలేదు. ఇల్లు అమ్ముకుని వెళ్లిపొమ్మని సంఘంవాళ్లు తీర్మానం చేశారట, కారే ఇల్లు ఎవరు కొంటారక్కా అని మామూలుగా అడిగింది. రిపోర్టక్కకు మేస్త్రీని తిట్టడానికి నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నమే కొత్త నివేదికలో, నీటి అధ్యాయం మొదటి పేజీలో, చివర ఎక్కడో అనుబంధంలో కాకుండా అందరికీ కనపడేచోట, ఆరు వాక్యాలు రాసింది. మొదటి నివేదికలో అయిదు బావుల కొలతలూ తప్పు, గోడ ఎత్తు తీసివేయలేదు, సెల్లారులో నీళ్లు భూమిలోవే, ఏ ఇంటి నుంచీ కారినవి కావు. చివరి వాక్యం ‘ఈ తప్పు నాది’. సంతకం పెట్టింది. పెద్దసారు చదివి నిట్టూర్చి, పంపమన్నట్టు తలాడించాడు. ఎవరూ చదవరని ఇన్నాళ్లూ బాధపడిన రాతని ఈసారి ఒకరికి తనే చదివి వినిపించాలి. ఆ పేజీ ఇంకో కాపీ తీసుకుని చెల్లెలింటికి వెళ్లింది.

చెల్లెలు హాల్లో బట్టలు మడతపెడుతోంది. రిపోర్టక్క కూర్చోకుండానే చదివింది. చెల్లెలు కాగితం తీసుకుని తనూ మెల్లగా, వేలు పెట్టి చదువుకుంది.

“అయితే మా బాత్రూం కాదన్నమాట.”

“కాదే. నేనే.”

చెల్లెలు కాగితం పక్కన పెట్టింది. చేతిలో చొక్కా మడత పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది.

“నాలుగేళ్లుగా అరబకెట్టుతో పోసుకుంటున్నానక్కా,” అంది చివరికి. “చెంబెడు నీళ్లు ఒలికితే గుండె దడదడలాడేది. మీ మరిదిని ఆఫీసులోనే స్నానం చేసి రమ్మనేదాన్ని. పిల్ల తలంటుకుంటానంటే చెయ్యి చేసుకున్నాను ఒకసారి.”

 తిట్టినా బాగుండు అనుకుంది రిపోర్టక్క.

చెల్లెలు లేచి, ఆ కాగితమూ సొరుగులోంచి అంటించే టేపుచుట్టా తీసుకుని బయటికి నడిచింది. అక్క వెనకే వెళ్లింది. లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద ‘మూడవ నంబరు వారు తమ బాత్రూం వెంటనే బాగు చేయించుకోవలెను’ అన్న కాగితం ఎండి వంకర్లు తిరిగి ఉంది. చెల్లెలు దాన్ని చింపలేదు. దాని పక్కనే కొత్త కాగితం ఆనించింది. ఒంటిచేత్తో పట్టుకోవడంతో అది ఒకవైపు జారిపోతోంది.

“ఇందులో నీ పేరుంది,” అంది, తల తిప్పకుండానే. “పైనుంచి కిందిదాకా అందరూ చదువుతారు.”

“చదవనీ.”

“అయితే ఆ చివర పట్టుకో.”

రిపోర్టక్క తన సంతకం ఉన్న మూలని అరచేత్తో గోడకి నొక్కిపట్టింది. చెల్లెలు పళ్లతో టేపు తెంపి, నాలుగు మూలలా అంటించింది.