మనిషికొక సంచి

మైకు కట్టిన ఆటో కాలనీ చుట్టూ రెండుసార్లు తిరిగి ఒకటే మాట చెప్పి పోయింది. పైనున్న చెరువు కట్టలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. మధ్యాహ్నానికి ట్రాక్టర్లు వస్తాయి. అందరూ మిట్ట మీది స్కూలుకు పోవాలి. మనిషికొక సంచి, అంతే.

మనిషికొక సంచి అని మైకులో చెప్పడానికేం. ఆ చెప్పినవాడు తన ఇల్లంతా ఎన్ని సంచుల్లో కుక్కుతాడో ఒకసారి చూడాలని ఎస్తేరుకు ఒళ్ళు మండింది. సీజనుకు మూడు నెలలు బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు ఏరే మనిషి ఆమె. మంచిదీ పుచ్చుదీ తాకగానే విడదీసే చెయ్యి. ఆ చెయ్యి ఇప్పుడు ఇంటి నడిమధ్య దేని మీదా వాలకుండా తిరుగుతోంది.

ఉన్నది ముగ్గురు. తను, తాపీ పని చేసే భర్త జోయల్, పదకొండేళ్ళ కూతురు నిస్సీ. నిస్సీకి ఏడో ఏట నుంచి షుగరు. పెద్దవాళ్ళు మాత్రలు మింగి సర్దుకునే షుగరు కాదు. పూటపూటా ఇన్సులిన్ సూది పడాల్సిందే. రెండు రోజులు తప్పితే పిల్ల మీకు దక్కదని చిత్తూరు డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు గనుక తడి ఇసుక పోసిన కుండలో రెండు సీసాలు దాచి, నాలుగేళ్ళుగా ఆ కుండను పసిబిడ్డను సాకినట్టు సాకుతోంది ఎస్తేరు.

మొదటి సంచిలో ఆమె బియ్యం, గిన్నె, రెండు దుప్పట్లు, టార్చి, అగ్గిపెట్టెలు, బెల్లం వేసింది. జోయల్ ఎత్తి చూసి కింద పెట్టేశాడు. ట్రాక్టరు నడుము లోతు నీళ్ళలో ఆగిపోతే దీన్ని ఎవరు మోస్తారని అడిగాడు. సగం బియ్యం తీసేసింది. దుప్పటి ఒకటి తీసింది, మళ్ళీ పెట్టింది. టార్పాలిన్ పట్ట రెండో సంచిలోకి పోయింది, పిల్ల బట్టలు బయటికొచ్చాయి. కుండ సంగతి ఎత్తగానే అతను తల అడ్డంగా ఊపాడు. ఇసుకతో కలిపి పది కిలోలుండే కుండను ఒళ్ళో పెట్టుకుని పోతామా అన్నాడు.

మూడో సంచి మాత్రం ఎప్పుడో సిద్ధం. నల్ల రెగ్జిన్ సంచి, జిప్పు మీద ఇంకో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్లు, బియ్యం కార్డు, ఇంటి పట్టా, పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు. వెనకటి వరదలో వాళ్ళ గుడిసె గోడ కూలింది. కాగితాలు నానిపోయాయని నష్టపరిహారం లిస్టులో పేరెక్కలేదు. కూలిన గోడ కళ్ళెదురుగా ఉన్నా కాగితం లేదు గనుక అది కూలనట్టే లెక్క. ఆ రోజు నుంచి జోయల్‌కు ఆ సంచి ప్రాణం. అతనికే కాదు, ఆ కాలనీలో ఏ ఇంటి మగాడినడిగినా వరదలో ముందు చేతబట్టేది కాగితాలనే. వాళ్ళను అలా తయారుచేసిన పుణ్యాత్ములు వేరే ఉన్నారు, వాళ్ళ ఇళ్ళు చెరువు కింద లేవు.

ఎస్తేరు సీసాలను తడిగుడ్డలో చుట్టి, సూదులతో కలిపి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఎందులో పెట్టాలి? బియ్యం సంచిని ట్రాక్టరులోకి విసిరేస్తారు, పగులుతుంది. బట్టల సంచి మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. కింద పెట్టకుండా, ఎవరి చేతికీ ఇవ్వకుండా జోయల్ రొమ్ముకు హత్తుకుని మోసేది ఒక్క కాగితాల సంచినే. తడి తగులుతుందని అతను ఒప్పుకోడు. అతను గుమ్మం దాటి ట్రాక్టరు కోసం చూస్తుండగా డబ్బాను ఆ సంచి అడుగున దూర్చింది. మిట్టెక్కాక నిదానంగా చెబుదామనుకుంది. ఆమె చేసిన తప్పల్లా అంతే. ఎంత ఆలోచించి చేసిందో, పాపం.

స్కూల్లో దిగాక నిస్సీ ఒంటేలుకు పోవాలంటే వెనక్కి తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి జోయల్ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"సంచి యాడ?" అంది.

"సుకుమార్ సారు వచ్చినాడు. అందరి కాగితాలూ ఆఫీసుకు తీసకపోయి ఈ పొద్దే పేర్లెక్కిస్తాడంట. కాగితాలే ఇయ్యమన్నాడు. విడిగా ఇస్తే యాడన్నా జారిపోతాయని సంచితోనే ఇచ్చేసినాను," అన్నాడు, మంచి పని చేసినవాడి మొహంతో. "బరువుగా ఉండాది, బైబిలు గానీ పెట్టినావేమో అనుకున్నా."

ఆమె డబ్బా సంగతి చెప్పగానే అతను మిట్ట కిందున్న వాగు దాకా పరిగెత్తాడు. సుకుమార్ గ్రామ సచివాలయం ఉద్యోగి, మనిషి మంచివాడు. వాన కోటు తొడుక్కుని బండి మీద అప్పటికే అవతలికి వెళ్ళిపోయాడు. అప్పటికే నీళ్ళు పైనెక్కి ఉరవడిగా పారుతున్న వాగు మీది కల్వర్టు అరగంటకు కొట్టుకుపోయింది. మిట్టకు వెనక వైపు చెరువు మిగులు నీళ్ళు పారుతున్నాయి. కరెంటు లేదు, సిగ్నలు ఎప్పుడో పోయింది, సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి.

ఎస్తేరు గదిగదికీ తిరిగి అడిగింది. షుగరున్నవాళ్ళు తొమ్మిది మంది తేలారు. అందరివీ మాత్రలే. శకుంతలమ్మ అనే ముసలామె తన షీటులో మిగిలిన ఆరు మాత్రలూ ఎస్తేరు గుప్పెట్లో పెట్టి మూసింది. అవి పనికిరావని చెప్పడానికి ఎస్తేరుకు నోరు రాలేదు. జోయల్ నడుముకు తాడు కట్టుకుని వాగులో దిగాడు. పది బారలు పోకముందే నీళ్ళు అతన్ని రాళ్ళకేసి కొట్టాయి. లాగి గట్టున పడేశారు.

రెండో రోజుకు నిస్సీ బిందెలు బిందెలుగా నీళ్ళు తాగుతోంది. కడుపులో నొప్పి అంటోంది. పెట్టిన అన్నం ముట్టలేదు.

"తినకుంటే సూది అక్కర్లేదు గదమ్మా. నేను తినన్లే. నువ్వు నాయన్ని తిట్టొద్దు," అంది.

అలా కాదు తల్లీ, తినకపోయినా కావాలి అని ఎస్తేరు చెప్పలేదు. పిల్ల ఆ ధైర్యంతోనన్నా ఉండనీ అనుకుని బయటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చింది. తనను తాను తిట్టుకుంది. దేవుణ్ణి కూడా తిట్టింది.

మూడో రోజు పొద్దున అవతలి గట్టు మీద సుకుమార్ కనబడ్డాడు. భుజాన నల్ల సంచి. ఈ గట్టు మీద జనమంతా గుమిగూడారు. అతను సంచిని రెండు చేతులా పైకెత్తి, కాగితాలు భద్రం అన్నట్టు ఊపి చూపించాడు. జోయల్ గొంతు చించుకుని విసిరెయ్యమని అరిచాడు. వాగు హోరులో ఆ మాట పక్కవాళ్ళకే వినబడలేదు. ఎస్తేరు విసిరే సైగ చేసింది, జిప్పు లాగే సైగ చేసింది, జబ్బ మీద సూది పొడిచే సైగ చేసింది. సుకుమార్‌కు ఆమె ఆత్రం అర్థమైంది. కాగితాల కోసమే అనుకున్నాడు. సన్నగా చినుకులు పడుతుంటే సంచిని వాన కోటు లోపల పెట్టుకుని గుండీలు వేసుకున్నాడు. తడవనివ్వనులే అని చేత్తో చెప్పాడు.

జోయల్ స్కూల్లోకి పరిగెత్తి నిస్సీని ఎత్తుకొచ్చాడు. పిల్ల తల అతని మోచేతి మీదుగా వెనక్కి వాలిపోయి ఉంది. ఎగరొప్పుతోంది, కళ్ళు తెరవడం లేదు. అప్పుడు సుకుమార్‌కు నిజంగానే తెలిసింది, పిల్లకు ప్రాణం మీదికొచ్చిందని. అతని మొహం మారిపోయింది. ఉండండి, డాక్టరును పిలుచుకొస్తానని రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. ఒక్క క్షణం కూడా దండగ చెయ్యలేదు. బండి తిప్పి, కోటు లోపలి సంచిని ఒక చేత్తో అదిమి పట్టుకుని, ఆ బురదలో ఎంత వేగంగా పోవచ్చో అంత వేగంగా వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగిపోయాక కూడా ఎస్తేరు చేతులూపుతూనే ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టి కిందికి దించారు. జోయల్ పిల్లతో అలాగే బురదలో కూర్చుండిపోయాడు.