బాబాసో సైటు కన్నా ఒక అంగుళం పైన

బాబాసో చెప్పుల దుకాణానికి వెబ్‌సైట్ వచ్చిన రోజున కొల్హాపూర్ చెప్పుల గల్లీలో అందరూ దూద్‌పేడాలు తిన్నారు, ఎదురు దుకాణం ధోండీబా తప్ప. తనకు తీపి పడదన్నాడు. ముందురోజే జిలేబీ పొట్లమంతా ఒక్కడే లాగించిన మనిషి.

ఆ వేళ నుంచి అతని కడుపులో కుంపటి రాజుకుంది. ఉలి పట్టినా బాబాసో సైటే, సూది పట్టినా బాబాసో సైటే. తోలు కోస్తూ కోస్తూ ఫోను తీసి చూసేవాడు, ఏమైనా మారిందేమోనని. మారేదేముంది? అవే చెప్పులు, అదే బాబాసో మీసం. అయినా అన్నానికి ముందోసారి, చెయ్యి కడుక్కున్నాక ఓసారి, పడుకున్నాక దుప్పటి కింద ఇంకోసారి చూడాల్సిందే. వారం తిరక్కుండా బాబాసో గల్లీ మధ్య నిలబడి, “లోకమంతా నా సైటే చూస్తోందిరా! పొద్దున లేచేసరికి వందల మంది!” అని మీసం దువ్వాడు.

“ఆ వందల మందీ మీరే,” అంది ధోండీబా భార్య శేవంత, పొయ్యి మీద రస్సా కూర కలుపుతూ. “మీ బొటనవేలు అరిగిపోతోంది గానీ ఆయన మీసం అరగట్లేదు.”

ధోండీబా ఉడుక్కోవడానికి కారణం లేకపోలేదు. కిర్రు చెప్పులంటే ఆ గల్లీలో అతని పేరే. నడుస్తుంటే కిర్రుమనేలా అడుగుతోళ్ల మధ్య గింజ పెట్టి కుట్టడం అందరూ చేసేదే. కానీ అతను కుట్టిన జత తొడుక్కుని ఒక పహిల్వాన్ నడిచి వస్తుంటే, ఆ కిర్రుకు పన్హాళా కోట మీద కాపలావాడు రాజుగారొచ్చారనుకుని తలుపులు బార్లా తీశాడట. ఇప్పుడక్కడ కాపలావాడెక్కడున్నాడని అడగకూడదు, విన్నవాళ్లు చెప్పిన మాట. అలాంటిది, ఎక్కడో దుబాయిలో కూర్చుని కిర్రు చెప్పులు కావాలనుకునేవాడికి ఇక బాబాసో కనిపిస్తాడు, ధోండీబా కనిపించడు. సంపాదించుకున్న పేరు నడుచుకుంటూ ఎదురు దుకాణానికి వెళ్లిపోతుంది.

“మనమూ చేయిద్దాం,” అంది శేవంత. “మా చెల్లెలి పక్కింటి ప్రాజక్త ఉందిగా, ఇంట్లో కూర్చుని ఒక్కతే సైట్లు చేస్తుంది. పిలవనా?”

“బాబాసోకి ఏజెన్సీ! ఆరుగురు మనుషులు, ఏసీ గది! నాకు ఒక్క పిల్లా? గల్లీలో తలెక్కడ పెట్టుకోను?”

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ ఏజెన్సీకే వెళ్లాడు. ఆరుగురూ చుట్టూ కూర్చున్నారు. చాయ్ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. ధోండీబాకు ప్రాణం లేచొచ్చింది.

“మీకెలాంటి సైటు కావాలి కాకా?”

“బాబాసోది ఎలా ఉందో అలాగే. ఒక అంగుళం పైన.”

“అంగుళమా?”

“ఫొటోలు అంగుళం పెద్దవి. రంగు అంగుళం ముదురు. మీసం కూడా.”

“మీకు మీసం లేదు కదండీ?”

“పెంచుతా.”

ఆరుగురూ బుద్ధిగా రాసుకున్నారు. అతను లేచి గుమ్మంలో చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేసేసరికి వాళ్లలో ఒకడు ఎంతో దయగా అన్నాడు, “అయ్యో, చప్పుడొస్తోందే! ఫర్వాలేదు కాకా, సైట్లో ‘చప్పుడు రాని చెప్పులు’ అని రాసేద్దాం. బాబాసోగారికీ అలాగే రాశాం.”

ధోండీబా అడుగు ఆపి వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్లూ అతను చూసింది బొమ్మలు. అక్షరాలు ఇంగ్లీషువి, అతనికి రావు. చప్పుడు రాని కిర్రు చెప్పులు! బాబాసో కొంప మునిగిందని పకపకా నవ్వబోయాడు. తన కొంప కూడా అదే నీళ్లలో ఉందని తోచి, నవ్వు ఆపుకుని అడిగాడు.

“అది తీసేయాలంటే?”

“చెప్పండి, వరుసలో పెడతాం. బాబాసోగారూ తీసేయమన్నారు, ఆయనది కూడా వరుసలోనే ఉంది.”

ఇంటికొచ్చేసరికి శేవంత ఆ పిల్లను పిలవనే పిలిచింది. ప్రాజక్త ఇంటి ముందు దుకాణంలో తోలు ముక్కల మధ్య కూర్చుని ఉంది.

“కాకా, ఆ వీధి చివరి దాకా నడిచి రండి,” అని ఫోనులో చప్పుడు రికార్డు చేస్తూ అతని అడుగుల వెంటే వంగి నడిచింది. “సైటు తెరవగానే ముందు ఈ కిర్రు వినపడాలి.”

ధోండీబా మెత్తబడ్డాడు, కానీ బయటపడలేదు. “ఒక్కదానివే కదా. నీకు జ్వరమొస్తే?”

“మీ సైటుకీ జ్వరమే. నేను లేచేదాకా పలికేవాళ్లుండరు. ఏజెన్సీలో అయితే ఒకరు పడుకుంటే ఇంకొకరుంటారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకో సంగతి. నిన్న బాబాసో కాకా ఫోన్ చేశారు. ఏజెన్సీ వదిలేసి పని నాకిస్తారట.”

ధోండీబా గభాలున ఆమెకెదురుగా కూర్చున్నాడు. “ఒప్పుకున్నావా?”

“ముందెవరు సరేనంటే వాళ్లది ముందు. ఆ తర్వాత రెండోవాళ్లది.”

“రెండోవాళ్లేంటి! వాడిది ముట్టుకోకూడదు నువ్వు!”

“బాబాసో కాకా మేనల్లుడొచ్చి చెప్పులడిగితే కుట్టనంటారా?”

“కుడతా,” అన్నాడు ధోండీబా. “కాస్త బిగుతుగా.”

“నేనూ కుడతాను. బిగుతు లేకుండా.”

శేవంత గరిటె పట్టుకునే బయటికొచ్చింది. “తేల్చుకోండి. మీరు ఏజెన్సీకి పోతే ఈ పిల్ల ఎదురు దుకాణానికి పోతుంది. రేపు ఆయన సైట్లో కిర్రుమంటే దుప్పటి కింద ఆ చప్పుడు నేనూ వినాలి.”

ధోండీబా ఆ కిర్రును ఇప్పుడే విన్నట్టు చెవులు మూసుకున్నాడు. “మొదలుపెట్టు! ఇప్పుడే!”

ప్రాజక్త లాప్‌టాప్ తెరిచింది. “మీ చెప్పుల గురించి చెప్పండి, రాస్తాను.”

“రాయి. బాబాసో చెప్పుల్లాగా నాలుగు వానలకే ఊడవు.”

ఆమె రాసి కొట్టేసింది.

“బాబాసో తాత మా తాత దగ్గరే పని నేర్చాడు.”

అదీ కొట్టేసింది.

“బాబాసో కుట్టు చూశావా...”

“కాకా, ఈ సైటు ఎవరిది?”

గల్లీలో ఎవరికీ లేనంత నోరున్న ధోండీబాకు, బాబాసోని తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సిగ్గుపడి, నానిన తోలు ఒకటి ఒళ్లోకి లాక్కున్నాడు. చేతులకు పని దొరికాక గొంతు కూడా దారిలో పడింది.

“గింజను ముందు చెవి దగ్గర ఊపుతాను. లోపల బాగా ఎండి గలగలమంటేనే పెడతాను. మనిషి నడక చూసి, మడమ కిందో, వేళ్ల కిందో జాగా వెతుకుతాను. బక్కవాడికి సన్నని కిర్రు, బరువైనవాడికి నిండు కిర్రు. వీధి మలుపు తిరుగుతుండగానే ఇంట్లో ఆడమనిషికి తెలియాలి, వస్తున్నది తనవాడేనని.”

శేవంత గరిటె పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. ప్రాజక్త టకటకా రాసి, చదివి వినిపించింది. ధోండీబా మళ్లీ చదివించుకున్నాడు. అందులో ఎక్కడా బాబాసో లేడు. కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇలాంటి మాట వాడి సైట్లో లేదు కదా? ఒకసారి తెరిచి చూడమ్మా.”