హాస్టల్‌కి వైఫై

శ్రీసత్య సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని అది. మొగల్తూరు దాటాక చెరువుల మధ్య ఉన్న రొయ్యల కంపెనీకి ఆవరణంతా వైఫై అందేలా చెయ్యాలి. అంతకుముందు కాకినాడలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పైవాళ్లు చూపించిన చోట బిగించి రావడమే. ఎక్కడ ఏది పెట్టాలో తనే తేల్చుకోవడం ఇదే మొదలు.

ముందు ఆఫీసు, దాని వెనక రొయ్యలు ఒలిచే హాళ్లు, పక్కన కోల్డ్ స్టోరేజీ, లారీలు ఆగే ఖాళీ స్థలం, అన్నిటికన్నా వెనక ప్రహరీని ఆనుకుని ఆడవాళ్ల హాస్టల్. కోల్డ్ స్టోరేజీ మందపాటి గోడల్ని దాటి సిగ్నల్ పోదు. అందుకని ఫోన్ పట్టుకుని మూలమూలా తిరిగి, ఎక్కడ నీరసపడుతోందో చూసుకుంటూ గోడలకీ స్తంభాలకీ తెల్లటి వైఫై పెట్టెలు బిగించుకుంటూ వచ్చింది.

అలా తిరుగుతుంటేనే పావని ఎదురైంది. తుని అవతల మెట్ట ఊరు ఆమెది. చిన్న కూతుర్ని తల్లి దగ్గర వదిలి, రొయ్యలు ఒలిచే పనికి వచ్చింది.

"మేడం, మా హాస్టల్‌కి కూడా వస్తుందాండి?"

"ఇక్కడ మీ ఫోన్లకి సిగ్నల్ లేదా?"

"రేకుల కింద ఎక్కడొస్తుందండి? అదిగో, ఆ ట్యాంకు మెట్లెక్కితే కాస్త అందుతుంది. డ్యూటీ దిగాక అందరం అక్కడే. వట్టి మాటలైతే మా పాప ఒప్పుకోదండి. మొహం కనపడకపోతే నువ్వు మా అమ్మవి కాదంటుంది."

శ్రీసత్య తలెత్తి చూసింది. వాటర్ ట్యాంకు చుట్టూ తిరుగుతూ పైకి పోయే సన్నటి సిమెంటు మెట్లు. ఒక పక్క గోడ ఉంది, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు.

"సార్‌ని అడిగి చూస్తాను" అంది.

హాస్టల్ వద్దని మేనేజరు సూర్యరాజు గారు ముందే చెప్పారు. "ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారమ్మా, పొద్దున్న పనిలో తూగుతారు" అన్నారు. అప్పుడు శ్రీసత్య తలూపి ఊరుకుంది.

పని పూర్తయిన రోజు ఆయన ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని ఆవరణంతా తిరిగారు. ఎక్కడా తెగలేదు. మొహం వెలిగిపోయింది.

"లారీల దగ్గర కూడా బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో! భీమవరంలో మావాళ్లు ఫంక్షన్ హాల్ కడుతున్నారు. ఆ పని కూడా నీకే ఇవ్వమంటాను."

శ్రీసత్య దగ్గర ఇంకో పెట్టె మిగిలే ఉంది. చివరి స్తంభానికి బిగించి హాస్టల్ వైపు తిప్పితే సరిపోతుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఒకసారి వద్దన్నాయన. మళ్లీ కదిపితే చిరాకు పడతారేమో, వస్తున్న పని కాస్తా పోతుందేమో. సర్వీసుకి వచ్చినప్పుడు నెమ్మదిగా అడగొచ్చులే అనుకుని, ఆ పెట్టెని తన కారులోనే పెట్టేసుకుంది. వెళ్లేటప్పుడు పావని దూరం నుంచి చెయ్యూపింది. శ్రీసత్య కూడా ఊపింది.

వానలు పడ్డాక ఒకరోజు సూర్యరాజు గారు ఫోన్ చేశారు. గొంతులో మునుపటి హుషారు లేదు.

"అమ్మా, ఆ హాస్టల్‌కి కూడా పెట్టెయ్యాలి. ఇవాళే రాగలవా?"

"ఏమైందండి?"

"పోయిన వారం ఓ అమ్మాయి ఫోన్ మాట్లాడుతూ ట్యాంకు మెట్ల మీంచి జారి పడిపోయింది. నాచు పట్టి ఉన్నాయవి. తుంటి విరిగింది."

ఎవరో మనసుకి తడుతూనే ఉన్నా శ్రీసత్య పేరు అడిగింది. పావనేనన్నారు.

పెట్టె బిగించడానికి ఎంతోసేపు పట్టలేదు. నిచ్చెన దిగుతున్న శ్రీసత్యని చూసి సూర్యరాజు గారు తెల్లబోయారు.

"ఇంతేనా? ఒక్క పెట్టెతో అయిపోయే పనా? తూగుతారన్నాను గానీ, అసలు మళ్లీ తవ్వి కేబుళ్లు వెయ్యాలి, పెద్ద తతంగం అనుకున్నానమ్మా. నువ్వొక్క మాట అనుంటే అప్పుడే పెట్టించేవాణ్ణి కదా!"

ఆయన తప్పుపట్టి అనలేదు. బాధపడుతూ అన్నారు. శ్రీసత్య నిచ్చెన మడవడంలో పడి తలెత్తలేదు.

లోపల మంచాల మీద కూర్చుని ఆడవాళ్లు అప్పుడే ఇళ్లకి ఫోన్లు కలుపుతున్నారు. అందరిలోకీ పెద్దావిడ పెద్దింట్లమ్మ, ఖాళీగా ఉన్న మంచం చూపించింది.

"నిలబడి చేసే పని ఇంక కుదరదన్నారంట డాట్రుగారు. వాళ్లమ్మొచ్చి తీసుకుపోయింది. పాపం, మీరు అప్పుడు అడిగినా సారు ఒప్పుకోలేదంట కదా. పావని చెప్పింది."

శ్రీసత్య పావని నంబరు తీసుకుని బయటికొచ్చి ఫోన్ చేసింది.

"మేడం, మీరాండి!" పావని గొంతులో సంతోషమే వినపడింది. "హాస్టల్‌కి పెట్టారంట కదా. పెద్దింట్లమ్మ పిన్ని ఇందాకే బొమ్మలో కనపడి చెప్పింది."

"పావనీ, అప్పుడు నేను సార్‌ని అడగలేదు. అడుగుతానని నీతో అన్నానే గానీ, అడగలేదు."

అవతల ఎక్కడో పిల్ల నవ్వు, గిన్నెల చప్పుడు.

"పోన్లెండి" అంది పావని. "మీరు అడిగినా వాళ్లు ఒప్పుకునేవారు కాదులెండి. మీరేం మనసులో పెట్టుకోకండి."

అడిగి ఉంటే ఆయన ఒప్పుకునేవారని చెప్పడానికి శ్రీసత్యకి నోరు రాలేదు.