పున్నమ్మ కట్టిన గట్టు

కార్తెలు పంచాంగంలో వచ్చి పోతున్నాయి గానీ ఆకాశానికి ఆ కబురు అందినట్టు లేదు. పున్నమ్మ కాపరానికి వచ్చిన కొత్తల్లో ఉత్తరలో మిరపనారు నాటితే, హస్తలో వాన వచ్చి మొక్కకి ప్రాణం పోసేది. చిత్తలో ఒకటి రెండు జల్లులు పడేవి. స్వాతి నాటికి మబ్బు తేలిపోయి తెల్లవారుజామున మంచు మొదలయ్యేది. ఇప్పుడు హస్తలో వేసవి ఎండ, స్వాతిలో శ్రావణం వాన. దర్శి సంతలో ఏ ఇద్దరు కలిసినా ఇదే గోల. ఎక్కడో సాగరు డ్యాము కోసం కొండలు పేలుస్తున్నారు కాబట్టే మబ్బులు చెదిరిపోయాయని ఒకడంటే, నయాపైసలు వచ్చినప్పటి నుంచే అన్నీ తలకిందులయ్యాయని ఇంకొకడు. వానలతో పాటు మనుషులూ చెడ్డారన్నది పున్నమ్మ మాట. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె చూపు చెంచురామయ్య చేను మీదికి పోయేది.

రెండూ పక్కపక్క చేలు. చెంచురామయ్యది ఎగువ, పున్నమ్మ వాళ్లది దిగువ. దిగువ చేను దాటితే వాగు. మిట్ట మీద పడ్డ వాన ఎగువ చేలోంచి, మధ్య గట్టుకున్న గండి గుండా పున్నమ్మ చేలో కాలవలోకి దిగేది. ఆ చేనుకి కావలసింది ఇచ్చి మిగతాది వాగులో కలిసేది. తాతల నాటి ఏర్పాటు అది. ఏటా హస్తకి ముందు రెండిళ్ల వాళ్లూ కలిసి పారలు పట్టుకెళ్లి గండీ కాలవా బాగుచేసుకునేవాళ్లు. ఆ పూట అన్నం ఎగువ వాళ్లు తెచ్చేవాళ్లు, పచ్చడి దిగువ వాళ్లు తెచ్చేవాళ్లు.

నిరుడు హస్త ఎండిపోయింది. చిత్త చివర్లో ఒకే ఒక్క వాన పడింది. ఆ వానకి చెంచురామయ్య గండి పూడ్చేసి, చుక్క కిందికి దిగనివ్వలేదు. పున్నమ్మ చేలో మొక్కలు తలలు వాల్చాయి. ఆమె మొగుడు మాలకొండయ్య ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగనివాడు. వెళ్లి అడిగాడు, మళ్లీ వెళ్లి బతిమాలాడు. చివరికి ఎవరినీ అడక్కుండా పార తీసుకెళ్లి జానెడు గండి కొట్టాడు.

చెంచురామయ్య పంచాయితీ పెట్టించాడు. "నా చేలో పడ్డ వాన నాది. నా నీళ్లు నన్నడక్కుండా మళ్లించుకుపోతే దాన్నేమంటారు? దొంగతనం అనరా?" అని అందరి ముందూ అరిచాడు. పెద్దమనిషి శ్రీమన్నారాయణ గారికి రోజూ పాలచెంబు వచ్చేది ఆ ఇంటి నుంచే. ఆయన గొంతు సవరించుకుని, ఎవరి చేలో వాన వాళ్లదేనని తీర్పు చెప్పి, మాలకొండయ్య చేత చెంచురామయ్యకి దణ్ణం పెట్టించాడు. ఊరంతా చూసింది.

ఆ రోజు నుంచి మాలకొండయ్య చేను మొహం చూడలేదు. పంచలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. పున్నమ్మకి పోయిన పంట మీద పెద్దగా దిగుల్లేదు. పంట ఇంకో ఏడు వస్తుంది. మొగుణ్ణే చెంచురామయ్య ఎత్తుకుపోయాడు. ఆ మనిషిని వెనక్కి తెచ్చుకోవాలి, తీసుకుపోయినవాణ్ణి ఏడిపించాలి. ఆమె మనసులో ఈ రెండూ ఎప్పుడో ఒకటైపోయాయి.

ఎండలు ముదిరాక తట్టా పారా తీసుకుని చేలోకి దిగింది. సరిహద్దు వెంట, తన నేలలోనే, తన కాలవ మొదలుకి అడ్డంగా గట్టు కట్టడం మొదలుపెట్టింది. ముఠా కట్టుకుని చేలల్లో కూలికి వెళ్లే మౌలాబీ అటుగా పోతూ చూసి ఆగింది.

"ఏంది పున్నమ్మక్కా, రోళ్లు పగిలే ఎండలో గట్టేస్తన్నావు? చూసినోళ్లు మతిపోయిందనుకుంటారు."

"అనుకోనీ. వాన ఎప్పుడొచ్చుద్దో ఇయ్యాల్రేపు ఎవురికీ తెలవదు గదా మౌలాబీ. వచ్చేదైతే వచ్చుద్ది."

"వస్తే పై నీళ్లు దిగే దారేది? చెంచురామయ్య చేలోనే నిలబడతయ్యి."

"నిలబడనీ. ఆయన నీళ్లే గదా."

మౌలాబీకి విషయం ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక కొంగు నడుముకి దోపి, "ఆ తట్ట ఇటియ్యి. నన్నూ ఒకనాడు కళ్లంలోంచి గెంటాడులే ఆ మారాజు" అంది.

ఈ ఏడూ హస్త ఎండగానే పోయింది. చెంచురామయ్య గండి అలాగే పూడ్చి ఉంచాడు. కావిళ్లతో నీళ్లు మోయించి మొక్కల్ని నిలబెట్టాడు. ఆ మాట ఒప్పుకోవాలి, సేద్యంలో ఘనుడే. స్వాతి వచ్చేసరికి ఎగువ చేను తెల్లటి పూతతో కళకళలాడుతోంది. వానాకాలం గడిచిపోయింది, ఇక భయం లేదనుకున్నాడు. పంచాంగం కూడా అదే చెప్పింది.

అప్పుడు పట్టింది ముసురు. సముద్రంలో వాయుగుండమన్నారు. పగలూ రాత్రీ తెరిపి లేకుండా కురిసి, ఒక ఉదయం టక్కున ఆగింది. పున్నమ్మ చేలో పడ్డ నీరు కాలవ వెంట వాగులోకి పోయింది. ఎగువ చేలో నీరు మోకాలెత్తున నిలిచింది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిరప ఒక పూట ఓర్చుకుంటుంది. ఆపైన వేరు కుళ్లి, ఎండ తగలగానే ఉడికిపోతుంది. చెంచురామయ్య పరుగున వచ్చి తను పూడ్చిన గండి తనే కొట్టాడు. నీళ్లు ఇటు దూకి పున్నమ్మ గట్టుకి కొట్టుకుని ఆగిపోయాయి.

మళ్లీ పంచాయితీ. ఈసారి శ్రీమన్నారాయణ గారికి దగ్గు ఎక్కువైంది, మాట తక్కువైంది.

"నిరుడు తమరు చెప్పిందే కదండీ" అంది పున్నమ్మ, తలమీద కొంగు సర్దుకుని. "ఎవరి చేలో వాన వాళ్లది. ఆయన వాన ఆయన్నే ఉంచుకోమనండి. నాకొద్దండీ."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పున్నమ్మ కడుపులో చల్లగా దిగింది.

చెంచురామయ్య ఆమె వెనకే చేను దాకా వచ్చాడు. "అమ్మాయ్ పున్నమ్మా, తప్పు నాదే. పొద్దు వాలేలోగా నీళ్లు దిగకపోతే చేనంతా పోద్ది. పూత మీదున్న చేనమ్మా" అన్నాడు. పున్నమ్మ తనివితీరా విన్నది. ఇంకోసారి చెప్పించుకుని మరీ విన్నది. కానీ నీళ్ల మీద తేలుతున్న తెల్లపూత కంటబడేసరికి ఎక్కడో కలుక్కుమంది. ఎంత పగైనా ఆమె నారు నాటే మనిషి. చాలు, ఇక వదిలేద్దామనిపించింది.

"దణ్ణం పెట్టాల్సింది నాక్కాదు, ఆయనకి. ఆయనే వచ్చి గండి కొడతాడు" అని, ఇంటికి వెళ్లింది.

"ఏమయ్యా, చెంచురామయ్య చేతులు జోడించుకుని చేలో నిలబడ్డాడు. లే. పార నీ చేతికిస్తా."

మాలకొండయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆమె మొహంలోకి చూసి, లేచి తలపాగా చుట్టుకున్నాడు.

చేను దగ్గరికి సగం ఊరు చేరింది. చెంచురామయ్య చేతులు జోడించాడు. "బావా, నన్ను మన్నించు" అన్నాడు. మాలకొండయ్య అతని వంక చూడనైనా లేదు. గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి కాలితో అదుముకుంటూ నడిచాడు.

"నువ్వే కట్టావా?" అని పెళ్లాన్ని అడిగాడు.

"నేనే."

"గట్టిగా కట్టావు. ఇక్కడ మాత్రం ఊరతంది." అంటూ కిందికి దిగి, గట్టు చెమ్మగిల్లి మట్టి జారుతున్న చోట వీపు ఆనించి బురదలో చతికిలబడ్డాడు.

"బావా, పొద్దెక్కుతోంది. మొక్కలు ఉడికిపోతయ్యి" అన్నాడు చెంచురామయ్య.

"పోనీ."

పున్నమ్మ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "ఇంక చాల్లేవయ్యా. కొట్టేద్దాం."

"నీకిప్పుడు జాలేసిందా? నిరుడు మన మొక్కలు చస్తంటే ఎవురికన్నా జాలేసిందా?" అని మాలకొండయ్య నవ్వాడు. పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. ఏడాదిగా ఆ నవ్వు కోసమే ఆమె మొక్కని దేవుడు లేడు. చెంచురామయ్య గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, ఆ ఏడుపు వింటూ మాలకొండయ్య వచ్చే ఏడు చేలో ఏ చెక్కలో ఏం వెయ్యాలో గలగలా చెప్పుకుపోతున్నాడు.

పార పున్నమ్మ చేతిలోనే ఉంది. గట్టు ఆమెదే, ఇంకోచోట ఒక్క వేటు వేస్తే నీళ్లు దిగిపోతాయి. వేస్తే ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆమె పార పట్టుకుని చాలాసేపు నిలబడింది. కట్టుకున్నవాణ్ణి చూసి భయపడటం ఆమెకి అదే మొదలు.

పారని మెల్లగా గట్టు మీద పెట్టి, అన్నం తేవడానికి ఇంటిదారి పట్టింది. వెనక నుంచి మాలకొండయ్య హుషారుగా కేకేశాడు, నంజుకోవడానికి రెండు పచ్చిమిరపకాయలు కూడా తెమ్మని.